రూబిక్ క్యూబు ఎందుకు విడిపోదు?

రూబిక్ క్యూబు అనగానే రంగులు, వాటిని ఎన్ని సెకన్లలో కలిపారన్న లెక్కలు గుర్తొస్తాయి. కానీ ఆ వస్తువులో నిజంగా కనిపెట్టింది అవి కావు. బయటికి కనిపించే 26 ముక్కల్లో ఏ రెండింటినీ జిగురుతో అతికించలేదు, తీగతో కట్టలేదు. ఏ వైపు పొరనైనా తిప్పవచ్చు. తిప్పిన మరుక్షణం అదే ముక్క ఇంకో పొరలో చేరి ఇంకో దిశలో తిరుగుతుంది. అయినా ఒక్క ముక్కా ఊడి రాదు. 1974లో బుడాపెస్ట్‌లో ఎర్నో రూబిక్ విప్పిన చిక్కు ఇదే. రంగులు ఆ తర్వాత వచ్చాయి. అదొక పజిల్ అన్న సంగతి ఇంకా తర్వాత బయటపడింది. ఈ వరుస పట్టుకుంటే పేటెంటు తగాదాలు ఎందుకు అలా తేలాయో, ఒక్కో వైపు ఏడు పొరలుండే 7×7 క్యూబుల్లో కొన్నింటి ముఖాలు ఎందుకు ఉబ్బి ఉంటాయో, విప్పి బిగించిన క్యూబు ఎంత తిప్పినా ఎందుకు కుదరదో తెలుస్తుంది.

రబ్బరు బ్యాండ్లు ఎందుకు తెగాయి

రూబిక్ అప్పటికి ముప్ఫయ్యో పడిలో అడుగుపెడుతున్న ఆర్కిటెక్ట్. బుడాపెస్ట్‌లోని అనువర్తిత కళల కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. తండ్రి పేరు కూడా ఎర్నో రూబికే. ఆయన గ్లైడర్ విమానాల రూపకల్పనలో పేరున్న ఇంజనీరు. విద్యార్థులకు త్రిమితీయ ఆకారాలు బోధించడానికే క్యూబు తయారుచేశాడని చాలాచోట్ల రాస్తారు. ఆయన్ని పట్టుకున్నది నిజానికి ఒక నిర్మాణ సమస్య: ఒక ఘనాన్ని ముక్కలు చేసి, ముక్కలన్నీ స్థానాలు మారుతూ ఉన్నా మొత్తం ఆకారం చెదరకుండా నిలబెట్టడం ఎలా?

మొదటి ప్రయత్నం 2×2×2. ఎనిమిది చెక్క ఘనాలు, వాటిని లోపలి నుంచి పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు. కాసేపు తిప్పగానే బ్యాండ్లు మెలిపడి తెగిపోయాయి. ఇది బ్యాండ్ల నాణ్యత వల్ల వచ్చిన తంటా కాదు. పై పొరను 90 డిగ్రీలు తిప్పితే పై ముక్కలనూ కింది ముక్కలనూ కలిపే బ్యాండ్లు మెలిపడతాయి. వెనక్కి తిప్పితే విడిపోతాయి, అంతవరకు నష్టం లేదు. కానీ వెనక్కి తిప్పకుండా కుడి పొరను తిప్పితే మెలిపడిన బ్యాండ్లు అడ్డంగా సాగి, చెక్క అంచులకు ఒరుసుకుంటాయి. ఇలా పది తిప్పులు పడేసరికి ఏ బ్యాండు ఏ దారిన వెళ్లిందో చెప్పలేం. బ్యాండు ఒక ముక్కను ఒకానొక పొరుగు ముక్కతో కలుపుతుంది. ఈ బొమ్మలోనేమో పొరుగు ముక్క నిలకడగా ఉండదు. కాబట్టి పట్టు అనేది ఫలానా ముక్కతో కాక, ఆ స్థానంలోకి ఏ ముక్క వస్తే దానితో కుదరాలి. రైలు పెట్టెల కొక్కెం ఏ పెట్టెకైనా తగిలినట్టు.

దీంతో రూబిక్ ఒక నిర్ణయానికొచ్చాడు. ముక్కలను వేరే వస్తువుతో కట్టకూడదు, వాటి ఆకారమే వాటిని పట్టి ఉంచాలి. అందుకు 2×2×2 కంటే 3×3×3 సులువు. వినడానికి వింతగా ఉన్నా నిజం ఇదే, ఎందుకంటే 3×3×3లో ప్రతి ముఖానికీ ఒక నడిమి ముక్క ఉంటుంది. అది తన చుట్టూ తాను తిరుగుతుందే తప్ప చోటు మారదు. ఆ ఆరు నడిమి ముక్కల్ని ఒక ఇరుసుకు బిగించేస్తే, మిగతా ఇరవై వాటి ఆధారంతో నిలబడగలవు.

లోపల ఏముంది

క్యూబు విప్పి చూస్తే మధ్యలో ఆరు చేతుల ఇరుసు కనిపిస్తుంది. ఒక్కో చేతికి ఒక స్క్రూ, దాని కింద ఒక స్ప్రింగు, ఆ పైన నడిమి ముక్క, దాన్ని మూసే మూత. ఈ ఆరు నడిమి ముక్కలూ ఎప్పుడూ ఒకదానికొకటి అదే వరుసలో ఉంటాయి. మన క్యూబులో తెలుపుకు ఎదురుగా పసుపు ఉంటే ఎన్ని తిప్పులు తిప్పినా తెలుపు నడిమి ముక్కకు ఎదురుగా పసుపు నడిమి ముక్కే ఉంటుంది. ఒక ముఖం చివరికి ఏ రంగు కావాలో చెప్పేది నడిమి ముక్కే అనడానికి కారణం ఇది.

అంచు ముక్కలు 12. ఒక్కోదానికి రెండు రంగులు. ప్రతి అంచు ముక్క లోపలి వైపున ఒక కాలు పొడుచుకొచ్చి ఉంటుంది. అది పక్కనున్న రెండు నడిమి ముక్కల కింద దూరుతుంది కాబట్టి బయటికి లాగినా రాదు. మూల ముక్కలు 8, ఒక్కోదానికి మూడు రంగులు. వాటికీ కాళ్లున్నాయి, అవి చుట్టూ ఉన్న మూడు అంచు ముక్కల కింద దూరుతాయి. అంటే నడిమి ముక్కలు అంచు ముక్కల్ని పట్టుకుంటాయి, అంచు ముక్కలు మూల ముక్కల్ని పట్టుకుంటాయి. మూల ముక్కకు ఇరుసుతో నేరుగా ఏ సంబంధమూ లేదు.

పై పొరను తిప్పడం మొదలుపెట్టగానే అంచు ముక్క కాలు ముందువైపు నడిమి ముక్క కిందినుంచి జారిపోతుంది. అయినా పడిపోదు, ఎందుకంటే మధ్య పొరలోని ముక్కల లోపలి భాగాలన్నీ కలిసి ఒక గుండ్రటి గాడిగా ఏర్పడతాయి. కాలు ఆ గాడిలో నడుస్తూ 90 డిగ్రీల తర్వాత తర్వాతి నడిమి ముక్క కిందికి చేరుతుంది. ఈ గాడి మూడు దిశల్లోనూ ఒకేలా పనిచేయాలంటే లోపలి ఉపరితలం గోళంలో భాగం కావాలి. పైకి చతురస్రం, లోపల గోళం. ఈ కూర్పే అసలు ఆవిష్కరణ. డాన్యూబ్ నది ఒడ్డున నీళ్లకు అరిగి నున్నబడ్డ గులకరాళ్లు ఈ ఆలోచనకు దారిచూపాయని రూబిక్ తర్వాత చెప్పుకున్నాడు.

స్ప్రింగు పాత్రను చాలామంది పట్టించుకోరు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ ముక్కలు చల్లారేటప్పుడు కుంచించుకుపోతాయి, ఒకటి ఇంకోదానితో అచ్చంగా సరితూగదు. స్క్రూను నేరుగా బిగిస్తే ఆ చిన్న తేడాకే క్యూబు కదలకుండా పట్టేస్తుంది. వదులు చేస్తే ముక్కలు ఊడిపడతాయి. స్ప్రింగు ఈ తేడాను తనలో సర్దుకుంటుంది. పొరను కాస్త వంకరగా తిప్పినప్పుడు నడిమి ముక్క కొద్దిగా పైకి లేచి దారి ఇవ్వడానికీ అదే కారణం. వీధి చివర దుకాణంలో దొరికే చవక క్యూబుల్లో చాలావాటికి స్క్రూ బదులు రివెట్ కొట్టి ఉంటుంది. దాన్ని బిగించలేం, వదులు చేయలేం. కొద్ది నెలల్లో అది ఊగిసలాడడం మొదలుపెడితే చేయగలిగింది ఏమీ ఉండదు.

రంగులు, ఆ తర్వాత పజిల్

చెక్క నమూనా తిరిగింది. ముక్కలు ఎక్కడికి కదులుతున్నాయో కనబడడానికి రూబిక్ ఆరు ముఖాలకు ఆరు రంగులు వేశాడు. కొన్ని తిప్పులయ్యాక రంగులు కలగలిసిపోయాయి. వాటిని తిరిగి ఒకచోటికి తేవాలని చూస్తే కుదరలేదు. తేవడానికి దారి ఉందో లేదో కూడా అప్పుడు ఎవరికీ తెలియదు. ఆయనకు నెలకు పైగా పట్టింది. ముందు మూల ముక్కల్ని సరిచేసి, తర్వాత కొన్ని ముక్కల్ని మాత్రమే కదిలించి మిగతావాటిని ఉన్నచోటికే తెచ్చే తిప్పుల వరుసలు వెతికాడు. ఇప్పటి పద్ధతులన్నింటికీ ఆధారం ఇలాంటి వరుసలే.

మొత్తం అమరికల సంఖ్యను ఎవరైనా లెక్కగట్టవచ్చు. 8 మూల ముక్కలు 40,320 రకాలుగా కూర్చోగలవు. వాటిలో ఏడింటిని ఇష్టమొచ్చినట్టు మూడు రకాలుగా తిప్పి పెట్టవచ్చు, ఎనిమిదో ముక్క తిరుగుడు వాటిని బట్టి తేలిపోతుంది: 2,187. అంచు ముక్కల స్థానాలు 47,90,01,600. పన్నెండింటిలో పదకొండింటిని అటూ ఇటూ పెట్టవచ్చు: 2,048. వీటన్నింటినీ గుణించి రెండుతో భాగిస్తే 4,32,52,00,32,74,48,98,56,000, అంటే సుమారు 4.3 లక్షల కోట్ల కోట్లు. అమెరికాలో తొలిరోజుల ప్రకటనల్లో 300 కోట్లకు పైగా అమరికలు అని వేశారు. అంతకు మించి చెబితే కొనేవాళ్లు నమ్మరనుకున్నారో ఏమో, అసలు సంఖ్య ముందు అది లెక్కలోకే రాదు.

ఇన్ని అమరికలున్నా దేన్నయినా 20 తిప్పుల్లోపు సరిచేయవచ్చని 2010లో రోకికి, కొసియెంబా, డేవిడ్‌సన్, డెత్రిడ్జ్ అనే నలుగురు పరిశోధకులు కలిసి తేల్చారు. దానికి గూగుల్ ఇచ్చిన కంప్యూటర్ల సమయం ఒకే కంప్యూటర్ మీద అయితే 35 ఏళ్లకు సమానం.

పేటెంటు ఎక్కడ జారిపోయింది

రూబిక్ 1975 జనవరి 30న హంగరీలో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. దరఖాస్తులో దాని పేరు త్రిమితీయ తార్కిక ఆటవస్తువు. తయారీకి ఒప్పుకున్నది పోలిటెక్నికా అనే చిన్న సహకార సంస్థ. 1977 చివర్లో మొదటి క్యూబులు ‘బ్యూవోష్ కొత్స్కా’, అంటే మాయా ఘనం, అనే పేరుతో బుడాపెస్ట్ బొమ్మల దుకాణాలకు చేరాయి. తర్వాత ప్రపంచమంతా అమ్ముడైన వాటితో పోలిస్తే అవి బాగా బరువు. పాశ్చాత్య దేశాలకు పంపే ముందు బరువు తగ్గించాల్సి వచ్చింది, అక్కడి భద్రతా నిబంధనలకు తగ్గట్టు ప్యాకింగు మార్చాల్సి వచ్చింది.

ఈలోగా పెద్ద అవకాశం చేజారింది. ఒక దేశంలో పేటెంటు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 12 నెలల్లోపు మిగతా దేశాల్లో పెడితేనే మొదటి తేదీ హక్కు అక్కడా వర్తిస్తుంది. ఆ ఏడాదిలో విదేశాల్లో దరఖాస్తులు పడలేదు. తర్వాత వివరాలు బయటికొచ్చాయి కాబట్టి కొత్తదనం అన్న షరతు నెరవేరే వీలు పోయింది. ప్రభుత్వ రంగ ఎగుమతి సంస్థలు నడిపే ఆర్థిక వ్యవస్థలో ఒక ఉపాధ్యాయుడు పక్క దేశాల పేటెంటు కార్యాలయాల చుట్టూ తిరగడం తేలిక కాదు. దీన్ని రూబిక్ అలసత్వంగా చూపే రాతలు న్యాయమైనవి కావు.

1979లో వియన్నాలో పనిచేసే హంగేరియన్ వ్యాపారి టిబోర్ లాట్సి ఈ క్యూబును న్యూరెంబర్గ్ బొమ్మల సంతకు తీసుకెళ్లాడు. అక్కడ లండన్‌లో సెవెన్ టౌన్స్ సంస్థ నడుపుతున్న టామ్ క్రెమర్ దాన్ని చూశాడు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాకు చెందిన ఐడియల్ టాయ్ కంపెనీతో పది లక్షల క్యూబులకు ఒప్పందం కుదిరింది. పేటెంటు లేని వస్తువుకు రక్షణ కావాలంటే నమోదు చేసుకోదగ్గ పేరు కావాలి. మాయా ఘనం అన్నది ఎవరైనా వాడుకోగల మాట. అందుకే 1980లో దాన్ని కనిపెట్టినవాడి పేరుతో రూబిక్స్ క్యూబ్ అన్నారు. ఆ పేరు ప్రపంచానికి పాకడం వెనుక ఉన్నది పేటెంటు లోటే. నకళ్లు మాత్రం ఆగలేదు. ఒరిజినల్ సరఫరా గిరాకీని అందుకోలేకపోతుంటే తైవాన్, హాంకాంగ్‌లలో తయారైన క్యూబులు మార్కెట్‌ను ముంచెత్తాయి.

రూబిక్‌కు ముందు, పక్కన

తిరిగే ముక్కల ఆలోచన రూబిక్ ఒక్కడికే వచ్చింది కాదు. 1963లోనే అమెరికాలో విలియం గుస్టాఫ్‌సన్‌కు ఎనిమిది ముక్కల గోళాకార బొమ్మ మీద పేటెంటు వచ్చింది. బ్రిటన్‌లో ఫ్రాంక్ ఫాక్స్ 1970లో మూడు పొరల గోళానికి దరఖాస్తు చేశాడు, 1974లో పేటెంటు అందింది. జపాన్‌లో ఇనుప సామాన్ల తయారీ నడిపే ఇంజనీరు తెరుతోషి ఇషిగె 1976లో దాదాపు ఇదే యంత్రాంగానికి దరఖాస్తు పెట్టాడు. అది ఎవరినీ చూసి చేసింది కాదని, సొంతంగా కనిపెట్టిందేనని సాధారణంగా ఒప్పుకుంటారు.

వీళ్లలో కోర్టుకెక్కింది ల్యారీ నికల్స్ పని. ఆయన రసాయన శాస్త్రవేత్త. 2×2×2 ఘనాన్ని అయస్కాంతాలతో నిలబెట్టాడు. దీనికి 1972 ఏప్రిల్ 11న అమెరికా పేటెంటు వచ్చింది. ఎనిమిది ఘనాల్లో ఒక్కోదానికి మూడు లోపలి ముఖాలు. ఏ ముక్క ఏ ముక్క పక్కకు వచ్చినా, ఎటు తిరిగి ఉన్నా ఆకర్షణే ఉండాలి, ఒక్కచోట కూడా వికర్షణ రాకూడదు. అయస్కాంతాల అమరికతో దాన్ని సాధించాడు. కానీ పట్టు బలం అయస్కాంతం బలానికి మించదు. కాస్త గట్టిగా లాగితే ముక్క చేతికొస్తుంది.

నికల్స్ పనిచేసే మోలిక్యులాన్ సంస్థ 1969లో యాభైకి పైగా బొమ్మల కంపెనీలను సంప్రదించింది. వాటిలో ఐడియల్ కూడా ఉంది, ఆసక్తి లేదని జవాబిచ్చింది. పదేళ్ల తర్వాత అదే ఐడియల్ రూబిక్ క్యూబుతో లాభాలు గడించింది. 1982లో మోలిక్యులాన్ దావా వేసింది, 1984లో గెలిచింది. 1986లో అప్పీలు కోర్టు చిన్న 2×2×2 క్యూబు విషయంలో పేటెంటు ఉల్లంఘన జరిగిందన్న తీర్పును నిలబెట్టి, 3×3×3 విషయంలో తీర్పును పక్కనపెట్టింది. గుంపులుగా తిరిగే ఎనిమిది ముక్కల పజిల్ నికల్స్‌ది. కాళ్లు, గాడి, ఇరుసు ఉన్న 3×3×3 ఆయనది కాదు. ఆలోచన ఎవరికి ముందు వచ్చిందన్న ప్రశ్నకు ఇద్దరిలో ఎవరి పేరు చెప్పినా తప్పు కాదు. పిల్లల చేతుల్లో లక్ష తిప్పులు తట్టుకునే వస్తువు ఎవరు చేశారంటే మాత్రం జవాబు రూబిక్.

ఈ తిరిగే గుణమే చివరికి ఆకారం మీది హక్కునూ దెబ్బతీసింది. 1999లో యూరప్‌లో క్యూబు ఆకారాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేశారు. జర్మన్ బొమ్మల కంపెనీ సింబా దాన్ని సవాలు చేసింది. నమోదు చేసిన చిత్రంలో గీతలు మాత్రమే కనిపిస్తున్నా, ఆ గీతల వెనుక ఉన్న తిరిగే పనితనాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందేనని యూరోపియన్ న్యాయస్థానం 2016లో చెప్పింది. 2019లో ఆ నమోదు చెల్లదని తేలింది. సాంకేతిక పనితనానికి కాలపరిమితి ఉన్న పేటెంటే దారి, దాన్ని ట్రేడ్‌మార్కు పేరుతో శాశ్వతం చేసుకోనివ్వకూడదు. ఈ తీర్పు సరైనదే.

ఏడు దగ్గర వచ్చే చిక్కు

3×3×3 తర్వాత పొరలు పెంచుకుంటూ పోవచ్చు కదా అనిపిస్తుంది. పీటర్ షెబెష్టేన్ 4×4×4, ఉడో క్రెల్ 5×5×5 చేశారు. 1980లలో వచ్చిన ఇవి తర్వాత చాలాకాలం అక్కడే ఆగిపోయాయి. కారణం జ్యామితి. పై పొరను 45 డిగ్రీలు తిప్పి చూడండి: మూల ముక్క కింది పొర అంచు దాటి బయటికి వేలాడుతుంది. దాని లోపలి మూల ఇంకా కింది పొర మీద ఉంటేనే కాలుకు పట్టు దొరుకుతుంది.

ఒక్కో ముక్క వెడల్పు 1 అనుకుందాం. 6×6×6లో మూల ముక్క లోపలి మూల, ఇరుసు నుంచి 2 × 1.414 = 2.83 దూరంలో ఉంటుంది. కింది పొర అంచు 3 దగ్గర ఉంది. 0.17 మిగిలింది, ఎలాగో పట్టుకోవచ్చు. 7×7×7లో లోపలి మూల 2.5 × 1.414 = 3.54, అంచు 3.5. ముక్క పూర్తిగా గాల్లో ఉంది. దాని కాలు కింది పొరకు వెళ్లడానికి దారే లేదు. గ్రీకు ఇంజనీరు పనాయోటిస్ వెర్డెస్ దీన్ని దాటిన దారి బయటి పొరను లోపలి పొరల కంటే మందంగా చేయడం. ముఖాలను కాస్త ఉబ్బుగా చేస్తే కంటికి ముక్కలన్నీ సమానంగా ఉన్నట్టే కనిపిస్తాయి. కొన్ని 7×7 క్యూబులు దిండులా ఉబ్బి ఉండడం అలంకారం కోసం కాదు.

విప్పి బిగించేటప్పుడు

పై లెక్కలో రెండుతో భాగించడం, ఎనిమిదో మూలకు స్వేచ్ఛ లేకపోవడం చేతిలో ఎలా అనుభవమవుతాయో క్యూబు విప్పినవాళ్లకు తెలుస్తుంది. విప్పాలంటే పై పొరను 45 డిగ్రీలు తిప్పి, ఒక అంచు ముక్క కింద మొద్దు అంచున్న ప్లాస్టిక్ పట్టీ పెట్టి పైకి ఎత్తాలి. మూల ముక్కతో మొదలుపెడితే దాని కాలు విరుగుతుంది, ఎందుకంటే దాన్ని మూడు ముక్కలు పట్టుకుని ఉంటాయి. ఒక అంచు ముక్క వచ్చాక మిగతావి చేత్తోనే వస్తాయి. బిగించేటప్పుడు కింది పొర, మధ్య పొర, పై పొర వరుసలో పెట్టి, ఆఖరి అంచు ముక్కను మళ్లీ 45 డిగ్రీల దగ్గర నొక్కాలి.

ముక్కల్ని తోచినట్టు పెడితే ఆ క్యూబు సరి అయ్యే అవకాశం పన్నెండింటిలో ఒకటే. 90 డిగ్రీల ఒక్క తిప్పు నాలుగు మూలల్ని, నాలుగు అంచుల్ని ఒకేసారి తిప్పుతుంది. కాబట్టి మిగతావన్నీ ఉన్నచోటే ఉండి రెండు ముక్కలు మాత్రమే చోటు మార్చుకోవడం అసాధ్యం. ఒక్క అంచు ముక్క మాత్రమే తిరగబడి ఉండడం, ఒక్క మూల మాత్రమే మెలితిరిగి ఉండడం కూడా అసాధ్యమే. చివరి దశలో వీటిలో ఏదైనా కనిపిస్తే నేర్చుకున్న పద్ధతిలో తప్పు వెతకనక్కర్లేదు, క్యూబు తప్పుగా బిగించారు. ఒక్క మూల మెలితిరగడం మాత్రం విప్పకుండానే జరగవచ్చు. వేగంగా తిప్పే కొత్త క్యూబుల్లో మూల ముక్క కాలు బాగా గుండ్రంగా ఉంటుంది. పొర పూర్తిగా సరిపడకముందే బలంగా తిప్పితే ముక్క ఉన్నచోటే మూడోవంతు తిరుగుతుంది. దాన్ని వేళ్లతో పట్టుకుని అలాగే వెనక్కి తిప్పేయవచ్చు.

బిగువు సరిచేయడానికి మూతలు తీసి, ఆరు స్క్రూలనూ పావు చుట్టు చొప్పున సమానంగా తిప్పి పరీక్షించాలి. ఒక్కటే బిగిస్తే ఆ వైపు పట్టేస్తుంది. కందెనగా సిలికాన్ నూనె రెండు మూడు చుక్కలు చాలు. వంటనూనె, కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగటబడి దుమ్ము పట్టుకుంటాయి. తుప్పు వదిలించే పెట్రోలియం స్ప్రేలు క్యూబు ముక్కలు చేసే ఏబీఎస్ రకం ప్లాస్టిక్‌ను పెళుసుబార్చే ప్రమాదముంది.

ఈ తరం క్యూబుల్లో మళ్లీ అయస్కాంతాలు కనిపిస్తున్నాయి. అంచు ముక్కలోనూ మూల ముక్కలోనూ ఎదురెదురుగా చిన్న బిళ్లలు పెడతారు. పొర 90 డిగ్రీలకు దగ్గర పడగానే అవి ఒకదాన్నొకటి లాగి పొరను సరైన చోట ఆపుతాయి. నికల్స్ క్యూబులో ముక్కల్ని పట్టి ఉంచే పని అయస్కాంతాలదే. వీటిలో ఆ పని ఇప్పటికీ కాళ్లు, గాడి, స్ప్రింగులే చేస్తున్నాయి. బిళ్లలు తీసేసినా క్యూబు విడిపోదు, తిప్పేటప్పుడు వేళ్లకు తగిలే ఆ చిన్న ఆగు మాత్రం పోతుంది.